పువ్వు ఒక్కటే గుర్తుంది

చెన్నైలో పార్క్ టౌన్ పక్కన రాసప్ప చెట్టి వీధి ఉంది. అక్కడి నాట్టు మరుందు కడలో, అంటే మూలికల కొట్లో నిలబడి "తంగేడు పువ్వుందా?" అని అడిగితే కొట్లో కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. "ఆవారం పూ" అంటే చాలు, తల తిప్పకుండానే వాడి చెయ్యి డబ్బా మీదికి పోతుంది. మొక్క ఒకటే, పువ్వూ ఒకటే. నెల్లూరు, చిత్తూరు, కడప వైపు నుంచి మద్రాసు చేరిన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆ మాట మూడు తరాలకు మారిపోయింది. నాయనమ్మకు తంగేడు, అమ్మకు తంగేడు అలియాస్ ఆవారం, పిల్లలకు ఆవారం పూ టీ పొడి.

మాట మారినందుకు పెద్ద బాధ లేదు. మిగతా చెట్టంతా ఎవరికీ గుర్తులేకపోవడమే బాధ. తంగేడంటే ఇప్పుడందరికీ పసుపు రంగు పువ్వు. ఒకప్పుడు చెట్టులో పువ్వుది చిన్న వాటా. బెరడు ఒకరిది, పుల్ల ఒకరిది, ఆకు ఒకరిది, కట్టె కమ్మరిది. ఊరి బయట ఎవరూ వెయ్యకుండా, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా పెరిగిన చెట్టును ఇంతమంది పంచుకున్నారు.

ముందు చెట్టును గుర్తుపట్టే సంగతి. పసుపు పువ్వు కనబడితే చాలు తంగేడనేసే వాళ్ళు చెన్నైలో తక్కువేం లేరు. రోడ్ల పక్కన ఎత్తుగా పెరిగి ఎండాకాలం నేలంతా పసుపు పరిచేది పచ్చ తురాయి. కాలేజీ ఆవరణల్లో, రైల్వే క్వార్టర్స్‌లో కొమ్మల చివర గుత్తులుగా పూసేది సీమ తంగేడు. పేరులో తంగేడుంది గాని అది వేరే చెట్టు, దాన్ని తినకూడదు, కాచుకోకూడదు. గంటల్లాంటి పూలతో ప్రహరీ మీదికి వాలేది పచ్చగన్నేరు. అసలు తంగేడు మనిషి ఎత్తు పొద, మహా అయితే దానికి మరో సగం. ఆకు కాడ మొదట్లో రెండు పక్కలా చెవుల్లాంటి గుండ్రటి రేకులుంటాయి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఈ మొక్కకు ఆరిక్యులాటా, అంటే చెవులున్నది అని పేరు పెట్టింది ఆ చెవుల్ని చూసే. కాడ మీద 8 నుంచి 12 జతల చిన్నాకులు, ఒక్కో జత మధ్య పుల్లలా నిలబడిన చిన్న గ్రంథి. పువ్వు రెండంగుళాల వెడల్పు, రేకుల మీద సన్నటి నారింజ ఈనెలు. కాయ బల్లపరుపుగా, పలచగా, ఎండితే కాగితంలా గలగలలాడుతుంది. చెవులూ కాయా రెండూ చూస్తే ఇక పొరపాటు జరగదు.

పేరుతో మరో ప్రమాదం కూడా ఉంది. నేలతంగేడంటే సునాముఖి, తిరునెల్వేలి వైపు పొలాల్లో పండించే విరేచనాల మందు. "తంగేడు ఆకు" అని చీటీ రాసిస్తే కొట్టువాడు సునాముఖి కట్టి ఇవ్వచ్చు. దాంతో కషాయం పెట్టుకుంటే ఆ రాత్రంతా జాగారమే. చెన్నైలో కొనేటప్పుడు ఆవారం ఇలై, ఆవారం పూ అని అరవంలోనే అడగడం మేలు.

ఇక తోలు సంగతి. ఈ చెట్టు అసలు కథ ఇదే.

మోటార్లు రాకముందు బావి నీళ్ళు కపిలతో తోడేవాళ్ళు. ఎద్దులు ఏటవాలుగా దిగుతుంటే పైకొచ్చే ఆ బాన, దాని తొండం, రెండూ తోలువే. నీళ్ళలో రోజుకు వందసార్లు మునిగినా కుళ్ళకూడదు, ఎండలో ఆరినా పగలకూడదు. అలాంటి తోలు తంగేడు చెక్కతో తయారయ్యేది. చెక్క అంటే బెరడు. అందులో తోలును పక్వం చేసే వగరు నూటికి 18 పాళ్ళ దాకా ఉంటుంది. వానలు పడి చెట్టులో రసం పారే రోజుల్లో బొటనవేలి లావు కొమ్మలు మొదటికంటా కొట్టేవాళ్ళు. కొయ్య సుత్తితో కొమ్మ పొడుగునా తడితే బెరడు వదులై తొడుగులా ఊడొచ్చేది. ఎండాకాలంలో కొడితే ఊడిరాదు, గీకాల్సొస్తుంది, సగం కట్టెకే అంటుకుపోతుంది. మొదలు మాత్రం నేలలో వదిలేసేవాళ్ళు. అక్కడి నుంచి మళ్ళీ నాలుగైదు పిలకలు లేచి రెండేళ్ళకు కొట్టుడికి వస్తాయి. మొదలు పీకేస్తే ఆ జాగాలో తంగేడు ముగిసినట్టే.

పచ్చితోలును మొదట మంచినీళ్ళలో నానబెట్టి నెత్తురూ మురికీ పోగొట్టడం. తర్వాత సున్నం తొట్టి. కొన్ని రోజులకు వెంట్రుక వేళ్ళతో లాగితే వచ్చేస్తుంది. గుండ్రటి దుంగ మీద పరిచి, రెండు పిడుల మొండి కత్తితో వెంట్రుకలు ఒక పక్క, కండ ఇంకో పక్క గీకేవాళ్ళు. తొందరపడితే చెడేది ఇక్కడే. సున్నం పూర్తిగా కడిగిపోకపోతే తోలు గట్టిపడి మడతల దగ్గర విరుగుతుంది. అందుకే కడిగి, తొక్కి, మళ్ళీ కడిగేవాళ్ళు.

ఆ తర్వాత లంద, అంటే చెక్కనీళ్ళలో తోలు నానబెట్టే తొట్టి. ఊళ్ళలో పెద్ద లందలు లేనిచోట తోలునే సంచిలా కుట్టి, మూడు గుంజలకు వేలాడదీసి, లోపల దంచిన తంగేడు చెక్క నింపి నీళ్ళు పోసేవాళ్ళు. నీళ్ళు తోలు రంధ్రాల్లోంచి చెమటలా ఊరి కింది కుండలో బొట్టుబొట్టుగా పడేవి. ఆ నీళ్ళే మళ్ళీ పైన పోయడం. కొన్ని రోజులకు సంచి తలకిందులు చేసి మెడవైపు కూడా అదే పని. తొలిరోజునే కొత్త చెక్క చిక్కటి నీళ్ళు పొయ్యకూడదు. పొయ్యకూడదంటే కారణముంది. పైపొర ఒక్కసారిగా బిగుసుకుపోయి వగరును లోపలికి పోనివ్వదు. కోసి చూస్తే అంచులు ఎర్రగా, నడుమ తెల్లగా పచ్చిగా ఉంటుంది. అలాంటి తోలుతో బాన కుడితే ఆ తెల్లచారే ముందు కుళ్ళుతుంది. అందుకే పాత లంద పలచని నీళ్ళతో మొదలుపెట్టి రోజురోజుకూ చిక్కదనం పెంచేవాళ్ళు. మేకతోలు వారాల్లో తేలిపోతుంది, ఎద్దుతోలుకు నెల పైనే. చివర కరక్కాయ నీళ్ళలో ముంచడం తప్పనిసరి. ఒట్టి తంగేడుతో చేసిన తోలు ఎండ తగిలితే ఎర్రబడుతుంది, కరక్కాయ పట్టిస్తే లేతరంగు నిలుస్తుంది. ఆపైన నువ్వుల నూనో, కానుగ నూనో పూసి నీడన ఆరబెట్టడం.

లంద దగ్గర ఇనుము ఉంచేవాళ్ళు కాదు. వగరూ ఇనుమూ కలిస్తే నల్లటి మరక, ఇక పోదు. అదే మరకను చెప్పులకు నల్లరంగు కావాలనుకున్నప్పుడు కావాలనే పుట్టించేవాళ్ళు, తుప్పు ముక్కలూ బెల్లమూ పులియబెట్టి.

ఈ విద్యంతా మాదిగలది. ఆ లంద వాసనకు ఊరు ముక్కు మూసుకుని ఎడంగా నడిచింది. ఆ బాన తోడిన నీళ్ళతో పండిన వడ్లు మాత్రం ఇంటికి తెచ్చుకుంది. అదే చెట్టు పువ్వు గౌరమ్మకు, అదే చెట్టు బెరడు లందకు. పువ్వును తలమీద పెట్టుకుని బెరడును మరిచిపోవడంలో ఈ సంగతి కూడా కాస్త ఉందని అనుమానం.

మద్రాసుకు ఈ తోలు కొత్తేం కాదు. తంగేడు చెక్కతో పదునుచేసిన తోళ్ళు ఈస్ట్ ఇండియా తోలు అనే పేరుతో ఇక్కడి రేవు నుంచే ఓడలెక్కేవి. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు చెక్క వచ్చింది, వగరు ఎక్కువ, సరుకు కుదురు. మరోపక్క క్రోమియం ఉప్పుతో తోలు పదునుచేసే క్రోమ్ పద్ధతి వచ్చింది. నెలరోజుల పని రోజుల్లో అయిపోయింది. క్రోమ్‌పేటకు ఆ పేరు అక్కడి క్రోమ్ తోలు కంపెనీ వల్ల వచ్చిందే. లోకల్ ట్రైన్లో పల్లావరం దాటాక ఆ బోర్డు కనబడితే, ఇక్కడ తంగేడు పని ఆగిపోయింది అని రాసినట్టే ఉంటుంది. 1948లో అడయారులో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఇప్పటికీ ఉంది. తంగేడు చెక్క బస్తాలు మాత్రం బజార్లో కనబడవు.

కమ్మరి వాటా ఇంకా విచిత్రం. ప్రపంచమంతా వూట్జ్ అని పిలిచే మూసఉక్కు మన ఉక్కే, ఆ మాటా ఇక్కడిదే. 19వ శతాబ్దంలో పరంగిపేటలో ఇనుప కార్ఖానా పెట్టిన జోసయ్యా మార్షల్ హీత్, సేలం వైపు కమ్మరుల పని చూసి రాసిపెట్టాడు. చిన్న మట్టి మూసలో ఇనుప ముక్కలు, వాటి బరువులో పదో వంతు సన్నగా తరిగిన ఎండు తంగేడు కట్టె, పైన పచ్చి ఆకులు ఒకటో రెండో, ఆపైన మట్టితో మూత. ఇలాంటి మూసలు ఇరవై దాకా కొలిమిలో పేర్చి రెండున్నర గంటలు తిత్తులు ఊదేవాళ్ళట. గాలి చొరబడని మూసలో కట్టె బొగ్గై, ఆ బొగ్గులోని కర్బనం ఇనుముకెక్కి ఉక్కవుతుంది. మూతకు సందు ఉంటే కర్బనం కాలిపోతుంది, మిగిలేది మళ్ళీ మెత్తటి ఇనుమే. తంగేడు కట్టే ఎందుకంటే, బీడుల్లో చేతికందేది అదే, సన్నగా తరగడానికి వీలైనదీ అదే. ఇందులో మంత్రమేం లేదు.

పొలానికి పోయేది రొట్ట. జిల్లేడు, కానుగ, తంగేడు, ఏది దొరికితే అది మడిలో తొక్కేవాళ్ళు. తంగేడుకు ఒక నియమం. కాయ పట్టకముందు, పెన్సిలు కంటే సన్నటి కొమ్మల్నే కొయ్యాలి. లావు కొమ్మలు వేస్తే నాట్లలోగా చీకవు, ఆడవాళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయి. నాటుకు వారం పదిరోజుల ముందే తొక్కాలి, నాటే రోజున తొక్కితే బురదలో కుళ్ళు వేడికి నారు పసుపుబారుతుంది. చిక్కుడు కుటుంబం మొక్క కదా, వేళ్ళకు బుడిపెలుండి నత్రజని పడుతుందని కొందరు తోటల్లో దీన్ని వేస్తున్నారు. దీని జాతి మొక్కలకు సాధారణంగా ఆ బుడిపెలు రావు. తంగేడు నేలకిచ్చేది ఆకు రూపంలోనే.

పండ్లపుల్లకు వేప తర్వాత తంగేడే. చిటికెనవేలంత లావు, జానెడు పొడుగు, లేతా ముదురూ కానిది. చివర నమిలితే కుంచెలా విచ్చుకుంటుంది, వగరుకు చిగుళ్ళు బిగుస్తాయి. ముదురు పుల్ల చీలికలై చిగురు కోస్తుంది. గొర్రెలకాపర్లు లేత కొమ్మలు తలగుడ్డ కింద పెట్టుకునేవాళ్ళు, మే నెల ఎండలో తలమీద చల్లగా ఉంటుందని. పశువులు దీని జోలికి పోవు. గొర్రెలు తిరిగే బీడులో కూడా ఈ పొద బతికి బట్టకట్టింది అందుకే.

ఇప్పుడు పువ్వు. తెలంగాణలో మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది రోజులు, సద్దుల బతుకమ్మ దాకా దీని రాజ్యమే. 2014లో రాష్ట్రం రాగానే రాష్ట్ర పుష్పం కూడా అయింది. చెన్నైలో ఉంటున్న తెలంగాణవాళ్ళకు ఆ తొమ్మిది రోజులూ ఒకటే వెతుకులాట. పూలబజార్లో బంతీ చామంతీ బుట్టలకొద్దీ ఉంటాయి, తంగేడు ఉండదు. కారణం తేలికే, అది ప్రయాణానికి ఆగే పువ్వు కాదు. తెల్లవారి కోసింది మధ్యాహ్నానికి తలవాలుస్తుంది. తిరువళ్ళూరు, తడ, నగరి వైపు బీడుల నుంచి తెచ్చుకోవాలంటే విడిపువ్వు కొయ్యకూడదు, సగం మొగ్గలున్న గుత్తిని జానెడు కాడతో కొయ్యాలి. తడిగుడ్డలో వదులుగా చుట్టి నిలువుగా బుట్టలో పెట్టాలి. నీళ్ళలో ముంచితే రేకులు అంటుకుపోతాయి, ప్లాస్టిక్ కవర్లో కడితే ఆవిరికి నల్లబడతాయి. పేర్చేటప్పుడు తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, కాడలన్నీ ఒకే పొడుగు కత్తిరించి, దారంతో చిన్న కట్టలు కట్టి, పువ్వు బయటికి కాడ లోపలికి పెడుతూ వలయం తిప్పాలి. నడుమ ఖాళీని ఆకూ అలమూ వేసి ప్రతి వరసకూ అదుముతూ పోవాలి. అదమకపోతే మూడో వరసకే ఒరుగుతుంది. ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, పైకి పోయేకొద్దీ వలయం చిన్నది. పైన గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మ. తంగేడు దొరక్క పచ్చగన్నేరు పేర్చిన బతుకమ్మలు కూడా ఈ ఊళ్ళో ఉన్నాయి. తప్పని ఎవరంటారు?

తమిళులకూ ఇది పండగ పువ్వే. కొంగునాడు వాళ్ళు భోగినాడు ఆవారం పూ, వేపాకు, పూలైపూ, అంటే మన కొండపిండి, కలిపి చిన్న కట్టలు కట్టి చూరుకూ, పొలం గట్టుకూ కడతారు. కాప్పుకట్టు అంటారు. సంగకాలపు కవిత్వంలో ఆవిరై అని ఇదే పువ్వు. ప్రేమించిన పిల్లను ఇవ్వకపోతే కుర్రాడు తాటిమట్టల గుర్రమెక్కి, ఆవిరై దండ వేసుకుని వీధిన పడతానని బెదిరించే పద్యాలున్నాయి. "ఆవారై పూత్తిరుక్క చావారై కండదుండో" అని సామెత కూడా, ఆవారం పూసి ఉండగా చచ్చేవాళ్ళను చూశామా అని. సామెత కొంచెం ఎక్కువే చెబుతుంది. ఈ పువ్వు పేరుతో పొట్లాలమ్మేవాళ్ళు దానికంటే ఎక్కువ చెబుతున్నారు.

సిద్ధవైద్యంలో ఆవారై కుడినీర్ మధుమేహానికి వాడే కషాయమే. కానీ అది ఒట్టి పువ్వు కాదు. నేరేడు, మద్ది వంటివి కలిసిన యోగం, వైద్యుడి కొలతతో తాగేది. పువ్వు టీ తాగుతున్నానని షుగర్ మాత్రలు మానేయడం తెలివితక్కువ. మాత్రలతో కలిపి తాగినా చక్కెర మరీ పడిపోవచ్చు, చూసుకోవాలి. మూర్ఛకు కార్బమజపీన్ వాడేవాళ్ళు దీని జోలికి పోకుండా ఉండటమే మంచిది. ఎలుకల మీద జరిగిన పరీక్షలో ఆ మందు రక్తంలో మామూలుకంటే ఎక్కువ నిలిచింది. గర్భిణులకూ వద్దు. మిగతావాళ్ళకు అప్పుడప్పుడూ ఒక గ్లాసు, అంతే. శ్రీలంకలో రణవర అని ఇదే పువ్వును టీలా తాగుతారు.

కాచే పద్ధతి చిన్నదే. ఎండు రేకులు ఒక చెంచా, నీళ్ళు 200 మిల్లీలీటర్లు, మరుగు వచ్చాక సన్నసెగ మీద మూడు నిమిషాలు, దించి మూతపెట్టి ఇంకో అయిదు. వడకట్టి కొంచెం బెల్లం. పది నిమిషాలు మరిగిస్తే వగరు దిగి నాలుక పీక్కుపోతుంది. ఇనప మూకుడులో కాస్తే నీళ్ళు నల్లబడతాయి, లంద దగ్గర చెప్పిన సంగతే. స్టీలు గిన్నె చాలు. పచ్చిపువ్వయితే గుప్పెడు కావాలి. పచ్చని తొడిమ, కేసరాలు తుంచి రేకులే వెయ్యాలి, చేదంతా తొడిమలోనే.

తంగేడు పూల పప్పు మాత్రం మరీ మరుగున పడింది. పెసరపప్పు 100 గ్రాములు దోరగా వేయించి, పసుపు వేసి, పలుకు మిగిలేలా ఉడికించాలి. రెండు కప్పుల రేకులు ఉప్పునీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచితే చీమలూ పేనూ పైకి తేలతాయి. రేకుల్లో నీళ్ళు పిండేసి, పప్పులో కలిపి, అయిదు నిమిషాలు ఉడకనివ్వాలి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు. రేకుల్ని పప్పుతోపాటే కుక్కర్లో పడేస్తే రంగూ పోతుంది, ముద్దలో కనబడకుండానూ పోతుంది. చింతపండు వెయ్యకండి, ఉన్న వగరు చాలు.

సున్నిపిండి విషయంలో చెన్నై మనకు నేర్పింది. పెసలు కిలో, శనగలు పావుకిలో, ఎండు తంగేడు పూలు 100 గ్రాములు, కచ్చూరాలు 100, కస్తూరి పసుపు 50, తుంగముస్తలు 50, వట్టివేళ్ళు 50, గులాబీ రేకులు 50. వట్టివేళ్ళు అంగుళం ముక్కలుగా కత్తిరించకపోతే మరలో చుట్టుకుంటాయి, మరవాడు తిడతాడు. పువ్వు వేళ్ళ మధ్య నలిపితే పొడి కావాలి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే, అది మరలో ముద్దకడుతుంది, డబ్బాలో పది రోజులకు బూజు వాసన కొడుతుంది. మిరపకాయలు పట్టాక పట్టించొద్దు. బియ్యమో శనగపప్పో పట్టాక వెయ్యమనాలి. పట్టించిన పిండి వేడిగా ఉంటుంది, పేపరు మీద పరిచి చల్లారాకే డబ్బాకెత్తాలి. ఈ ఒక్క మెట్టు మరిచిపోయి బూజుకు పువ్వును తిట్టేవాళ్ళు ఎక్కువ.

ఎండబెట్టడమంటే నేరుగా ఎండలో పడెయ్యడం కాదు. అలా చేస్తే సాయంత్రానికి గోధుమరంగు. రేకుల్ని పలచటి గుడ్డ మీద ఒకే పొరగా పరిచి, నీడన, ఫ్యాన్ కింద మూడు నాలుగు రోజులు. చివరి రోజు మాత్రం ఒక గంట పొద్దుటెండ. ఈ ఊరి ఉక్కలో నవంబరు, డిసెంబరు నెలల్లో ఎండబెట్టాలనుకోవడమే పొరపాటు. బుట్టెడు పువ్వు ఎండితే దోసెడవుతుంది, అందుకే కొట్లో ధర చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. కొనేటప్పుడు రేకు మీద ఈనెలు కనబడుతున్నాయో లేదో చూడండి. సంచి అడుగున పొడి, తొడిమలు, నల్లకాయలు ఎక్కువుంటే పాతసరుకు.

ఇంట్లో పెంచడం గురించి ఒక్క మాట ముందే. తంగేడు చచ్చిపోయేది నిర్లక్ష్యంతో కాదు, ముద్దుతో.

విత్తనం పైపెంకు రాయిలాంటిది, ఊరికే నాటితే చాలా తక్కువ లేస్తాయి. నీళ్ళు మరిగించి, దించి, అయిదు నిమిషాలాగి విత్తనాల మీద పోసి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున ఉబ్బినవి నాటండి, ఉబ్బనివి గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది మళ్ళీ నానబెట్టండి. పొయ్యి మీదే ఉడికిస్తే మొలకే చస్తుంది. అర అంగుళం లోతు, ఒక్కో సంచికి రెండు విత్తులు. వారం నుంచి రెండు వారాల్లో మొలక. కాయలు కొయ్యగానే రంధ్రాలున్న గింజలు ఏరి పారెయ్యాలి, లోపల పురుగు గింజ తినేసి ఉంటుంది. మంచివి రెండు రోజులు ఎండలో పెట్టి వేపాకుతో సీసాలో దాచుకోవచ్చు.

తల్లివేరు తొందరగా దిగుతుంది. సంచిలో రెండు మూడు నెలలు దాటితే వేరు అడుగున చుట్టుకుంటుంది, అలాంటి మొక్క తర్వాత నేలలో పెట్టినా ఏళ్ళతరబడి అలాగే నిలబడిపోతుంది. నేలైతే నాలుగడుగుల దూరం, కంచెకైతే రెండడుగులు. కుండీ అయితే 18 అంగుళాలకు తగ్గకూడదు, కింద రంధ్రాలు పెద్దవి కావాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఎరువు అర పాలు. యూరియా వేస్తే ఆకు నిగనిగలాడుతుంది, పువ్వు రాదు. ఆరుగంటల ఎండ లేని బాల్కనీలో పెట్టడం దండగ. నీళ్ళు మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు, ఆ తర్వాత మట్టి రెండంగుళాలు ఎండాకే.

చెన్నైలో అసలు శత్రువు ఎండ కాదు, ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుండీ కింద పళ్ళెం ఉంటే మొక్క మీద ఆశ వదులుకోవచ్చు. ముందు కింది ఆకులు పసుపై రాలతాయి, చూసినవాళ్ళు నీళ్ళు చాల్లేదనుకుని ఇంకో చెంబు పోస్తారు, వారంలో వేరు కుళ్ళి మొదలు కదులుతుంది. పళ్ళెం తీసేసి, కుండీని ఇటుకల మీదికెక్కించి, చూరు కిందికి జరపాలి. నేలలో వేసేవాళ్ళు అడుగు ఎత్తు కట్ట మీద వెయ్యాలి. సంక్రాంతి వెళ్ళాక విత్తితే వచ్చే వానలకు మొక్క గట్టిపడి ఉంటుంది. జూన్‌లో విత్తి నవంబరులో పోగొట్టుకోవడం కంటే అది నయం.

పూత ఒక విడత అయ్యాక కొమ్మలు మూడో వంతు కత్తిరిస్తే పక్కకొమ్మలు లేచి మళ్ళీ పూస్తుంది. ఆకుల మీద పచ్చటి గొంగళ్ళు కనబడితే మందు కొట్టకండి, పసుపు సీతాకోకచిలుకలవి. నాలుగు ఆకులు తిని వెళ్ళిపోతాయి, మొక్కకు ఏం కాదు. పిండినల్లి మాత్రం నీళ్ళ ధారతో కడిగెయ్యాలి. పువ్వులు బాగా పూసి కాయలు పట్టకపోతే కంగారుపడకండి. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి కూడా కేసరం కొనన ఉన్న చిన్న రంధ్రంలోంచే రాలాలి. నల్లటి వడ్రంగి తుమ్మెదలాంటిది వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్ళు ఝుమ్మని అదిరిస్తేనే రాలుతుంది. ఎనిమిదో అంతస్తు బాల్కనీకి ఆ తుమ్మెద రాకపోవచ్చు. మేడ మీద ఎండుకొయ్యదూలం ఒకటి పడేసి ఉంచితే అందులో గూడు తొలుచుకోవచ్చు, పొద్దున ఏడింటికల్లా తంగేడు దగ్గర ఝుంకారం వినబడవచ్చు.